బూటు ఎందుకు కరుస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లకు పుస్తకాలతో తీరని పరీక్ష ఇంకొకటి ఉంటుంది. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. కొత్త బూట్లు కొని సరూర్‌నగర్‌లో పొద్దున్నే సాధన మొదలుపెట్టిన మొదటి వారంలోనే మడమ మీద బొబ్బ లేచిందంటే ఆ వారం పోయినట్టే. ఆదివారం ఎల్బీ నగర్ నుంచి భువనగిరి కోటకో, రాచకొండ గుట్టలకో బయల్దేరేవాళ్లదీ, విక్టోరియా మెమోరియల్ హోం మైదానంలో నడిచే పెద్దవాళ్లదీ ఇదే గోడు. బూటు కరిచింది అంటారు. నేరమంతా బూటుదే అయితే దాన్ని మార్చేస్తే సరిపోవాలి. ఖరీదైన బూటు కొన్నా బొబ్బలు లేస్తున్నాయంటే సాక్సునూ, చెమటనూ, లోపలి ఎముకనూ కూడా విచారించాల్సిందే.

చీలిక లోపల మొదలవుతుంది

చర్మం పైనుంచి అరిగీ అరిగీ బొబ్బ లేస్తుందని అనుకుంటాం. అలా అరిగితే తోలు లేచిపోయి మండుతుంది గానీ నీళ్లు పట్టదు. బొబ్బ పుట్టుక వేరు. చూపుడువేలి కొనను రెండో చేతి వెనకవైపు ఆనించి, జారనివ్వకుండా అదిమి, ముందుకూ వెనక్కూ కదపండి. వేలు ఉన్నచోటే అతుక్కుని ఉంటుంది, దానితోపాటు పైచర్మం కదులుతుంది, అడుగున ఉన్న ఎముక కదలదు. నడకలో మడమ దగ్గర జరిగేది ఇదే, కాకపోతే తిరగేసి. చెమ్మగిల్లిన సాక్సు చర్మాన్ని పట్టుకుంటుంది, బూటు సాక్సును పట్టుకుంటుంది, అడుగు పడ్డప్పుడల్లా ఎముక మాత్రం లోపల కదులుతుంది. పైచర్మానికీ ఎముకకూ మధ్య చిక్కిన మెత్తటి పొరలు పక్కకు సాగుతాయి. పొరలను ఇలా పక్కకు లాగే దాన్నే విరూపణ బలం అంటారు.

కిలోమీటరు నడిస్తే ఒక్కో కాలికి ఆరేడు వందల అడుగులు పడతాయి. అన్నిసార్లు సాగిన తర్వాత, బాహ్యచర్మం నడిమి పొరలోని కణాలు అలసి చిట్లుతాయి. అన్నిటికంటే పైనున్న గట్టి పొర చెక్కుచెదరదు. మధ్యలో ఏర్పడిన ఖాళీలోకి నీరు ఊరి, పైపొర పూరీలా పొంగుతుంది. పూర్తిగా నిండటానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. అందుకే దారిలో మంట మాత్రమే తెలిసి, ఇంటికొచ్చి బూటు విప్పాక బొబ్బ కనిపిస్తుంది. పలచటి చర్మమైతే పైపొర కూడా చిరిగిపోతుంది. మడమ, అరికాలు, అరచెయ్యి వంటి మందమైన చోట్లే బొబ్బ నిలుస్తుంది.

బ్రిటన్‌లో నేలర్ అనే పరిశోధకుడు చర్మాన్ని పదే పదే రుద్ది చేసిన ప్రయోగాలను 1955లో ప్రచురించారు. బాగా పొడిగా ఉన్న చర్మం మీద ఒరిపిడి తక్కువ, నీళ్లు కారేటంత తడిగా ఉన్నా తక్కువే. రెండింటి మధ్య, చెమ్మగా ఉన్నప్పుడే చర్మం ఎక్కువగా పట్టేస్తుంది. హైదరాబాద్ ఎండలో, మూసిన బూటులో, అరగంట నడక తర్వాత పాదం ఉండేది సరిగ్గా ఆ స్థితిలోనే.

సాక్సు చేసే పని

గాలిలోని తేమకు వదిలేస్తే నూరు గ్రాముల పొడి నూలు సుమారు 8.5 గ్రాముల తేమను పీలుస్తుంది. ఉన్ని 16 గ్రాముల దాకా పీలుస్తుంది, పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. ఈ లెక్క చూస్తే ఉన్నే అన్నిటికంటే చెడ్డదనిపించాలి. కానీ ఉన్ని ఆ తేమను పోగు లోపల దాచుకుంటుంది, తడిసినా దాని గుబురు పోదు. నూలు తడిస్తే మెత్తబడి, అణిగి, ముడతలు పడి చర్మానికి అంటుకుంటుంది. పాలిస్టర్, అక్రిలిక్ పోగులు చెమటను తాగకుండా బయటివైపు పాకిస్తాయి. మన ఎండకు కాటన్ మంచిదన్న మాట చొక్కాకు చెల్లుతుంది గానీ, పది కిలోమీటర్ల నడకలో సాక్సుకు చెల్లదు.

అలాగని సింథటిక్ అని రాసి ఉన్నదల్లా మేలు కాదు. అమెరికాలో పాదవైద్యుడు డగ్లస్ రిచీ, హెరింగ్ అనే సహచరుడితో కలిసి 1990లో 35 మంది పరుగువీరుల మీద పరీక్ష చేశారు. ఒకేలా నేసిన మందపాటి సాక్సుల్లో అక్రిలిక్ వేసుకున్నప్పటికంటే నూలు వేసుకున్నప్పుడు బొబ్బలు రెట్టింపు లేచాయి, సైజులో మూడింతలు ఉన్నాయి. తర్వాత మెత్త లేని మామూలు సాక్సులతో అదే పరీక్ష చేస్తే ఆ తేడా కనిపించలేదు. అంటే పోగు ఒక్కటే చాలదు, లోపలివైపు ఉంగరాలుగా లేచిన మెత్తటి నేత కూడా ఉండాలి. చర్మం సాగాల్సిన దూరంలో కొంత ఆ మెత్త సాగి భరిస్తుంది.

పలచటి సాక్సు లోపల, మందపాటిది పైన వేసుకునే పద్ధతికీ ఇదే ఆధారం. జారుడు రెండు సాక్సుల మధ్య జరిగిపోతే చర్మం దాకా రాదు. అయితే రెండింటికీ బూటులో చోటుండాలి. ఇరుకు బూటులో రెండు సాక్సులు ఇరికిస్తే ఒత్తిడి పెరిగి అసలుకే మోసం వస్తుంది.

ఫుట్‌పాత్ మీద మూడు జతలు కట్టగా అమ్మే సాక్సయినా, షోరూంలోదయినా, కొనేముందు లోపలివైపు తిప్పి వేళ్ల దగ్గర కుట్టును తడిమి చూడండి. వేలికి గట్టిగా తగిలిన కుట్టు చిటికెన వేలికి ఇంకా గట్టిగా తగులుతుంది. మడమ గుంట నేసి ఉండాలి. ఫ్రీ సైజు పేరుతో గొట్టంలా నేసింది మడమ వెనక ముడత పడుతుంది.

మన పాదం, వాళ్ల సైజు

ఇక్కడి దుకాణాల్లో ఎక్కువగా చెప్పే 7, 8, 9 నంబర్లు బ్రిటిష్ కొలతలు. నంబరుకూ నంబరుకూ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే 8.46 మిల్లీమీటర్లు. మధ్యలో పడే అర సైజులు చాలా దుకాణాల్లో దొరకవు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలను కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లకంటే మన పాదాలు వెడల్పని తేలింది. ‘భా’ పేరుతో మనకంటూ కొత్త సైజులను ప్రతిపాదించారు.

బొబ్బలకు ఈ వెడల్పుతో నేరుగా సంబంధం ఉంది. చిటికెన వేలి దగ్గర బిగుతుగా ఉందని ఒక నంబరు పెద్దది తీసుకుంటాం. ముందు సుఖంగానే ఉంటుంది, మడమ దగ్గర వదులవుతుంది. అడుగడుగునా మడమ లేచి పడుతుంటే విరూపణ అక్కడ పెరుగుతుంది. కాబట్టి నంబరు పెంచేముందు వెడల్పు మోడల్ ఉందేమో అడగాలి.

దుకాణానికి సాయంత్రం వెళ్లండి, రోజంతా తిరిగిన పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. నడకకు వాడే సాక్సులే వెంట తీసుకెళ్లండి. లోపలి సోల్ బయటికి లాగి నేలమీద పెట్టి దానిపై నిలబడండి. పాదం పక్కలకు పొర్లితే ఆ బూటు ఇరుకు. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండో వేలే పొడవు. రెండు పాదాలూ సమానం కాకపోతే పెద్దదానికి సరిపోయేదే కొనాలి. ఆ తర్వాత లేసులు కట్టి దుకాణం మెట్లు ఎక్కి దిగండి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ మొదలైన భువనగిరి బండ మీద కూడా ఎక్కేటప్పుడు పరీక్ష మడమకు, దిగేటప్పుడు వేళ్లకు. మెట్లు దిగుతుంటే వేళ్లు ముందుకు తగిలాయా, ఆ జత వద్దు.

మడమ కొంచెం లేస్తుంటే లేసుతో సరిచేయవచ్చు. చాలా బూట్లలో అన్నిటికంటే పైన, కాస్త వెనగ్గా ఉండే రంధ్రం ఖాళీగా వదిలేస్తాం. లేసును అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉంగరం చేసి, రెండో వైపు లేసును ఆ ఉంగరం గుండా లాగి బిగిస్తే మడమ వెనక్కి కుదురుకుంటుంది. వేళ్లమీద బిగువు పెరగదు.

వాజిలిన్, పౌడర్, టేపు

వాజిలిన్ రాస్తే మొదట జారుతుంది. గంట గడిచేసరికి ఆ లాభం పోతుంది, మూడు గంటలకు ఒరిపిడి మొదటికంటే పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. పౌడర్ చెమటకు తడిసి ముద్ద కడుతుంది. చెమట తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణాన్ని అమెరికా వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ కేడెట్ల మీద పరీక్షించి 1998లో ఫలితాలు ప్రచురించారు. 21 కిలోమీటర్ల నడకలో మందు రాసుకున్నవాళ్లలో 21 శాతం మందికి, ఉత్త ద్రావణం రాసుకున్నవాళ్లలో 48 శాతం మందికి బొబ్బలు లేచాయి. కానీ మందు రాసుకున్నవాళ్లలో సగానికి పైగా చర్మం మండి బాధపడ్డారు.

అన్నిటికంటే చవకైనది మందుల దుకాణంలో దొరికే పేపర్ టేపు. 250 కిలోమీటర్ల పరుగు పందెంలో 128 మంది మీద స్టాన్‌ఫర్డ్ వైద్యులు జరిపి 2016లో వెలువరించిన పరిశీలనలో, టేపు వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయి. ముడత లేకుండా, నడక మొదలుపెట్టకముందే వేయాలి. దారిలో ఒకచోట వేడిగా అనిపిస్తే సిగ్గుపడకుండా ఆగి, బూటు విప్పి, అప్పుడైనా వేయాలి.

లేచిన చిన్న బొబ్బను గిల్లకూడదు. పైతోలు సహజమైన కట్టు, దాని కింద రెండు రోజుల్లోనే కొత్త పొర మొదలవుతుంది. పెద్దదై నడవనీయకపోతే శుభ్రం చేసిన సూదితో అంచున పొడిచి నీరు తీసి, తోలును మాత్రం ఉంచాలి. మధుమేహం ఉన్నవాళ్లు ఈ సొంత వైద్యం చేయకూడదు. కాలి స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ తెలియకుండానే పుండవుతుంది. రోజూ అరికాళ్లు చూసుకుని, ఏదైనా కనిపిస్తే డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

బేరం కుదిరే సమయానికి దుకాణంలో “వాడగా వాడగా సాగుతుంది సార్” అంటారు. తోలు బూటు వెడల్పులో కొంత సాగుతుంది, సింథటిక్‌ది అంతగా సాగదు. పొడవు మాత్రం ఏ బూటూ సాగదు. వేళ్లు తగులుతుంటే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి.