సాంచాల ఊరి నుంచి ఉస్టర్ దాకా

1832 నవంబరు 22. స్విట్జర్లాండ్‌లో జ్యూరిచ్‌కు దగ్గర్లోని ఉస్టర్ అనే ఊళ్లో పెద్ద సభ. చుట్టుపక్కల కొండపల్లెల నుంచి వచ్చిన జనంలో చేనేత పనివాళ్లు చాలామంది ఉన్నారు. సభ సంగతి ఎలా ఉన్నా వాళ్ల బాధ వేరే. ఊళ్లోని నూలు మిల్లులో కొత్తగా మరమగ్గాలు దిగుతున్నాయి. అవి నడవడం మొదలైతే ఇంట్లో మగ్గం మూలన పడుతుంది, పొయ్యి మీద కుండ దిగిపోతుంది. ఆ రోజు కొన్ని వందల మంది కలిసి ఆ మిల్లుకు నిప్పు పెట్టారు. చాలామంది పట్టుబడ్డారు. ముందుండి నడిపించిన వాళ్లకు ఏళ్ల తరబడి జైలు పడింది. మరమగ్గాలు మాత్రం ఆగలేదు.

ఈ సంగతిని సిరిసిల్లలో చెబితే ఎవరికీ విడమరిచి చెప్పే పని ఉండదు. చేతిమగ్గం ఊరు సాంచాల ఊరైన కథ అక్కడ ఇంటింటి కథ. సాంచా అంటే అక్కడి మాటలో మరమగ్గమే. తాతది మగ్గం, తండ్రిది సాంచా, మనవడి చేతిలో ఇంజినీరింగ్ పుస్తకం.

ఆ మనవడో మనవరాలో ఒక వేసవి రెండు నెలలు జ్యూరిచ్‌లో పరిశోధన చేయడానికి వెళ్లిందనుకుందాం. శనివారం పొద్దున జ్యూరిచ్ పెద్ద స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే పావుగంటలో ఉస్టర్. ఊరి మధ్యలో ఆబాఖ్ అనే వాగు పారుతుంది. ఒకప్పుడు ఆ నీటి బలంతోనే వరసగా మిల్లులు నడిచాయి. డబ్బు కురిపించిందని దానికి 'మిలియన్ల వాగు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు అక్కడివాళ్లు. ఇప్పుడు ఆ పాత మిల్లు భవనాల్లో నేత లేదు. కొన్నింట్లో కాపురాలున్నాయి, కొన్నింట్లో ఆఫీసులు. ఊరి పేరు మాత్రం ప్రపంచంలో నూలు వడికే ప్రతి చోటా వినిపిస్తుంది. దారం ఎంత సమంగా ఉందో కొలిచే యంత్రాలు ఆ ఊరి పేరుతోనే చలామణీ అవుతాయి. నూలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ 'ఉస్టర్ ఎంత?' అని అడుగుతారు. నేత పోయినా కొలత మిగిలింది.

స్విట్జర్లాండ్ అంటే సినిమా పాటల్లోని మంచుకొండలు, పచ్చిక, ఆవుల మెడలో గంటలు. అవన్నీ నిజమే. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు ఆ దేశంలో అంతకన్నా దగ్గరి చుట్టరికాలున్నాయి. వేసవి పరిశోధనకు వెళ్లే విద్యార్థి శని, ఆదివారాలను అందుకే లెక్కలోకి తీసుకోవాలి. ల్యాబు ఎంత నేర్పుతుందో రైలు కిటికీ అంత నేర్పుతుంది.

ముందు వెళ్లే దారి సంగతి.

కోరుట్ల చుట్టుపక్కల పాస్‌పోర్టు అన్న మాట ప్రతి ఇంటికీ తెలుసు. గల్ఫ్ వీసా, మెడికల్, ఏజెంటు, వడ్డీకి తెచ్చిన అప్పు, బీడీలు చుడుతూ ఫోన్ కోసం ఎదురుచూసే ఇల్లాలు. విదేశం అనగానే ముందు అప్పు గుర్తొచ్చే నేల అది. ఈ వేసవి పరిశోధనల పద్ధతి దానికి పూర్తిగా వేరు. ఎంపికైతే వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. మధ్యలో ఏజెంటు ఉండడు. ఈ సీటు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయాలి.

దారులు కొన్ని ఉన్నాయి. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ 1855 నాటి విశ్వవిద్యాలయం. ఐన్‌స్టీన్ 1896 నుంచి 1900 దాకా చదువుకున్నది అక్కడే. దాని కంప్యూటర్ సైన్స్ విభాగం జులై, ఆగస్టు నెలల్లో బయటి విద్యార్థులకు పరిశోధన ఫెలోషిప్ ఇస్తుంది. లొసాన్‌లోని ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్, కమ్యూనికేషన్ విద్యార్థులకు అలాంటిదే ఇంకొకటి ఉంది. జీవశాస్త్రాల వాళ్లకు లొసాన్ విశ్వవిద్యాలయంలో, జ్యూరిచ్‌లో వేసవి ప్రోగ్రాంలు నడుస్తాయి. పొలాస వ్యవసాయ కళాశాల విద్యార్థులూ, కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థులూ వీటి వైపు చూడవచ్చు. ఇక జెనీవా శివార్లలోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్. 1962 నుంచి వేసవి విద్యార్థులను తీసుకుంటున్న సంస్థ అది. 2017 నుంచి భారతదేశం అందులో అసోసియేట్ సభ్యురాలు. అక్కడ పొద్దున పాఠాలు వినాలి, మిగతా రోజంతా ఏదో ఒక ప్రయోగ బృందంలో పనిచేయాలి. పాదాల కింద దాదాపు వంద మీటర్ల లోతున కణాలు పరుగెత్తే 27 కిలోమీటర్ల వలయం ఉంటుంది. హిగ్స్ బోసాన్ దొరికిందని 2012 జులై 4న ప్రకటించింది ఆ ప్రాంగణంలోనే. 2004లో భారతదేశం ఇచ్చిన కంచు నటరాజ విగ్రహం అక్కడి భవనాల మధ్య నిలబడి ఉంది. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు మొదటి వారంలోనే దాని దగ్గర ఫోటో దిగుతారు.

దరఖాస్తులు చలికాలంలోనే. కొన్ని డిసెంబరులో ముగుస్తాయి, ఇంకొన్ని జనవరి చివరిదాకా తీసుకుంటారు. సంక్రాంతి సెలవుల్లో మేలుకున్నవాళ్లకు కొన్ని తలుపులు అప్పటికే మూసుకుంటాయి. మార్కుల మెమోతో పాటు, ఏ పని చేశారో రెండు పేజీల్లో చెప్పగలగడం ముఖ్యం. ఇద్దరు అధ్యాపకులు సిఫారసు లేఖ రాయాలి. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ 2007లోనూ, సిరిసిల్ల జేఎన్‌టీయూ కాలేజీ 2021లోనూ మొదలయ్యాయి. ఐఐటీల్లో ఉన్నట్టు సీనియర్ల గొలుసు ఇక్కడ ఇంకా అల్లుకోలేదు. అందుకే మొదట వెళ్లే ఒక్కరిద్దరి విలువ చాలా ఎక్కువ. ఇంకో చిక్కు కేలండర్‌ది. వాళ్ల వేసవి మన దగ్గర వరినాట్ల కాలం. అప్పటికి మన సెమిస్టరు పరీక్షలో తరగతులో నడుస్తుంటాయి. కాలేజీ నుంచి ముందుగా అనుమతి పత్రం తీసుకోకపోతే సీటు చేతికొచ్చీ జారిపోతుంది.

వెళ్లాక మొదటి పదిరోజులూ మాట దొరకదు. ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవమంటారు. 'సార్' అనకుండా నోరు రాదు. పన్నెండు కొట్టగానే అందరూ భోజనానికి లేస్తారు. కాఫీ వేళ పెద్దాచిన్నా ఒకే బల్ల చుట్టూ నిలబడతారు, సగం పరిశోధన మాటలు అక్కడే దొర్లుతాయి. ఆ బల్ల దగ్గరికి వెళ్లకుండా కంప్యూటర్ ముందే కూర్చునే మన పిల్లలు తెలియకుండానే చాలా పోగొట్టుకుంటారు. ఎనిమిది వారాల ప్రాజెక్టులో రెండు వారాలు ఖాతాలు, తాళాలు, పాత కోడు అర్థం చేసుకోవడానికే పోతాయి. చివరి వారం రిపోర్టుకు పోతుంది. మిగిలేవి ఐదు వారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తేనే శనివారం నిశ్చింతగా రైలెక్కగలరు.

జ్యూరిచ్‌లో నది ఒడ్డు నుంచి ఈటీహెచ్ గుమ్మం దాకా ఓ ఎర్ర పెట్టె కొండెక్కుతుంది. పాలీబాన్ అంటారు. 1889 నుంచి నడుస్తోంది. తాడు లాగుతుంటే పైకి పోయే ఆ బండిలో రెండు మూడు నిమిషాల ప్రయాణం. ఇళ్ల గోడల మధ్య నుంచి పైకి తేలి మేడ మీద దిగితే ఊరంతా కాళ్ల కింద కనిపిస్తుంది. ఎండ పడితే దక్షిణాన మంచుకొండలూ మెరుస్తాయి. రోజూ పనికి పోయే దారే ఇలా ఉంటే వారాంతం వచ్చేదాకా మనసు నిలవడం కష్టమే.

డబ్బు విషయంలో మాత్రం చెయ్యి బిగించక తప్పదు. ఫ్రాంకు వంద రూపాయల పైమాట. హోటల్లో ఒక పూట తింటే ఇంటికి పంపాలనుకున్న డబ్బు గుర్తొస్తుంది. అన్నం వండుకోవడం తప్పనిసరి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, స్టేషన్లలోనూ విమానాశ్రయంలోనూ ఉండేవి తప్ప. శనివారం సాయంత్రమే పాలు, కూరగాయలు తెచ్చుకోవాలి. సకినాలు, కారప్పొడి పెట్టెలో పెట్టవచ్చు గానీ అమ్మ కాచిచ్చిన నెయ్యిని తీసుకెళ్లొద్దు. మన దేశం నుంచి పాలతో చేసినవి, మాంసం ఆ దేశంలోకి రానివ్వరు. నీళ్ల సీసా కొనాల్సిన పనే లేదు. ఒక్క జ్యూరిచ్‌లోనే 1,200కు పైగా నీటి ఫౌంటెన్లున్నాయి, దాదాపు అన్నీ తాగే నీళ్లే. జులైలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. పని ముగించుకుని లిమ్మాట్ నదిలో ఈతకొట్టడానికీ పొద్దు మిగులుతుంది.

రైలు టికెట్లకు సగం ధర కార్డు ఉంది. వెళ్లిన మొదటి వారమే అది కొనుక్కోవడం మేలు, నాలుగైదు ప్రయాణాల్లోనే దాని ఖరీదు తిరిగొస్తుంది. 1982 నుంచి అక్కడి రైళ్లు ప్రతి గంటా అదే నిమిషానికి బయలుదేరేలా వేళలు కుదిర్చారు. ఒక రైలు దిగి ఇంకొకటి ఎక్కడానికి ఐదారు నిమిషాలు చాలు. కొండమీది పల్లెలో దిగితే పోస్టల్ బస్సు ఎదురుచూస్తూ ఉంటుంది. మన దగ్గర పెద్దపల్లి నుంచి నిజామాబాద్ దాకా పట్టాలు పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. కోరుట్ల అప్పుడు గానీ రెండు వైపులా రైలు చూడలేదు. మనోహరాబాద్–కొత్తపల్లి మార్గంలో సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలొచ్చింది. సిరిసిల్లకు ఇంకా రావాలి. అలాంటి చోటి నుంచి వచ్చిన పిల్లకు స్విస్ రైలు విహారం మాత్రమే కాదు, పదేపదే ఆలోచనలో పడేసే విషయం.

ఆ ఆలోచనకు తగిన వ్యక్తి అడాల్ఫ్ గయర్–జెల్లర్. సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున, యూరప్‌లో అన్నిటికన్నా పైనున్న రైల్వే స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోఖ్. మన యాత్రికులంతా తప్పక చూసే చోటు. ఆ మార్గం ఆయన ఊహ. 1896లో పని మొదలైంది, 1899లో ఆయన పోయాడు, 1912లో రైలు పైకి చేరింది. ఇంతకీ ఆయన ఎవరు? నూలు మిల్లు యజమాని కొడుకు. జ్యూరిచ్ కొండపల్లెల్లో, నాడు ఉస్టర్‌లో మిల్లు తగలబెట్టిన నేతకారుల ప్రాంతంలోనే పుట్టినవాడు. వాళ్ల నాన్న కట్టించిన నాయ్‌తాల్ మిల్లు ఇప్పుడు మ్యూజియం. వడికే యంత్రాలను, మగ్గాలను అక్కడ చూడవచ్చు. యుంగ్‌ఫ్రౌ టికెట్టుకు విద్యార్థి జేబు బాగానే చిల్లు పడుతుంది. నాయ్‌తాల్ దాని ముందు చాలా చవక. ఒకే వారాంతం మిగిలితే సిరిసిల్ల విద్యార్థి నాయ్‌తాల్‌కే పోవాలి. మంచును ఇంకెప్పుడైనా చూడవచ్చు.

వింటర్‌థూర్ కూడా అదే దారిలోనిది. సిరిసిల్ల సాంచాలో నాడె అటూ ఇటూ పరుగెడుతుంటుంది. దాని కడుపులో కండె. కండె అయిపోగానే కార్మికుడు సాంచాను ఆపి, కొత్త కండె పెట్టి, పోగు అందించి మళ్లీ నడుపుతాడు. షిఫ్టంతా చెవులు దిమ్మెక్కే చప్పుడు మధ్య అతని చెయ్యి ఆ పనే చేస్తుంటుంది. వింటర్‌థూర్‌లోని సుల్జర్ కంపెనీ 1950లలో అమ్మకానికి తెచ్చిన మగ్గంలో నాడే లేదు, కండే లేదు. వేలెడంత ఇనుప ముక్క పేక పోగును నోట కరుచుకుని బాణంలా ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంది. ఇంజినీరింగ్ చదివే పిల్ల ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తే, నాన్న ఇరవై ఏళ్లుగా రోజూ కొన్ని వందల సార్లు వంగి మార్చిన కండె గుర్తుకు రాకుండా ఉండదు.

అక్కడి నుంచి ఇంకొంత దూరం తూర్పుకు పోతే సెయింట్ గాలెన్. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు స్విట్జర్లాండ్ ఎగుమతుల్లో మొదటి స్థానం ఆ ఊరి ఎంబ్రాయిడరీదే. యుద్ధం వచ్చి, ఫ్యాషన్లు మారి ఆ వ్యాపారం కుప్పకూలింది. ఇప్పుడక్కడ వస్త్ర మ్యూజియం ఉంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు, జీ20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి 2022లో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావనకు వచ్చిన వెల్ది హరిప్రసాద్‌ల ఊరైన సిరిసిల్ల పిల్లలు ఆ అద్దాల ముందు నిలబడితే తమ ఊళ్లో ఏం ఉండాలో తెలుస్తుంది.

జెనీవా, లొసాన్‌ల వైపు ఉండే విద్యార్థులు వారాంతంలో ప్రాంజాన్ కోటకు పోవాలి. ఆ రెండు ఊళ్ల మధ్య నియాన్‌కు దగ్గర్లో ఉంది. స్విస్ జాతీయ మ్యూజియం శాఖ అది. అక్కడ 'ఇండియెన్' అనే అద్దకపు నూలు బట్టలున్నాయి. పేరులోనే ఇండియా ఉంది. మచిలీపట్నం మొదలైన కోరమాండల్ రేవుల నుంచి ఓడలెక్కిన రంగుల అద్దకాల మోజులో యూరప్ మునిగింది. తమ పరిశ్రమ దెబ్బతింటోందని 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. అదే రోజుల్లో మతహింస నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెంచివాళ్లు జెనీవా వైపు చేరి ఆ అద్దకాన్ని అక్కడ నాటారు. స్విస్ పారిశ్రామిక సంపదకు తొలి రోజుల్లో పోగుపడిన పెట్టుబడిలో మన తీరం చేతిపని పాలు ఉంది.

పొలాస నుంచి వచ్చే విద్యార్థికి చుట్టరికం బియ్యంతో. జగిత్యాల సన్నాలు పుట్టింది పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానంలోనే. ఈటీహెచ్‌లో ఇంగో పొట్రికుస్, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో పీటర్ బేయర్ కలిసి, బియ్యపు గింజలో విటమిన్ ఏగా మారే పసుపు పదార్థం తయారయ్యేలా చేశారు. 2000లో ప్రపంచానికి చెప్పారు. దానికే గోల్డెన్ రైస్ అని పేరు. పిల్లల చూపు కాపాడాలన్న తపన ఒక వైపు, జన్యుమార్పిడి పంటల మీద భయాలు ఇంకో వైపు. ఫిలిప్పీన్స్ 2021లో సాగుకు ఒప్పుకుంది. 2024లో అక్కడి కోర్టు ఆ అనుమతిని ఆపింది. వరి పెద్దగా పండని దేశంలో వరి మీద అంత పని ఎందుకు జరిగిందన్న ప్రశ్నను, వరి తప్ప ఇంకోటి ఎరగని ఊరి పిల్ల ఆ ల్యాబుల్లోనే అడగాలి. కాఫీ బల్ల దగ్గర అడగగలిగితే ఇంకా మంచిది.

బెర్న్‌కు వెళ్లే ఆదివారం గడియార స్తంభం నీడలో క్రాంగాస్సె వీధి 49వ నంబరులో ఐన్‌స్టీన్ కాపురమున్న ఇల్లు చూడవచ్చు. వారానికి ఆరు రోజులు పేటెంట్ ఆఫీసులో పనిచేస్తూనే ఆయన 1905 నాటి పత్రాలు రాసింది బెర్న్‌లో ఉన్న ఆ రోజుల్లోనే. వెలైస్ కొండల వైపు పోతే ఆల్ప్స్‌లో అన్నిటికన్నా పెద్ద హిమానీనదం ఆలెచ్. 2022, 2023 ఈ రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాల మంచులో పదో వంతు కరిగిపోయింది. వచ్చే తరం పిల్లలు చూసే ఆలెచ్ ఇది కాదు.

ఆదివారం రాత్రి తిరుగు రైల్లో సగం మంది పిల్లలు నిద్రలో ఉంటారు, కొందరు ల్యాప్‌టాప్ తెరిచి సోమవారం మీటింగుకు బొమ్మలు సరిచేసుకుంటారు. పొద్దున ఎనిమిదికి పాలీబాన్ ఎర్ర పెట్టె మళ్లీ కొండెక్కుతుంది. సిరిసిల్లలో అప్పటికి పదకొండున్నర. పొద్దుటి షిఫ్టులో నాన్న ఎన్నో కండెలు మార్చేసి ఉంటాడు. ఉస్టర్‌లో తీసిన ఫోటో ఆయన ఫోన్‌కు అప్పుడే చేరుతుంది.