బొటనవేలి మొదట్లో నొప్పి: ఏ ఆపరేషన్ మంచిది?

సంగటి గెలికేటప్పుడు, పాలు పితికేటప్పుడు, సీసా మూత తిప్పేటప్పుడు మీ అమ్మగారు బొటనవేలి మొదలు పట్టుకొని బాధపడుతున్నారా? అక్కడి కీలు అరిగి ఉండవచ్చు. నడివయసు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. వేలి కొసతో ఒక కిలో బలంతో నొక్కితే ఆ కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. అందుకే చిన్న పనికే అంత నొప్పి.

ముందుగా చేయవలసినవి

వేలు కదలకుండా పట్టీ, వ్యాయామాలు, డాక్టరు రాసిన మందులు, అవసరమైతే కీలులో ఇంజెక్షన్. చాలామందికి ఇవే చాలు. కొన్ని నెలలు ఇవి పాటించినా నొప్పి తగ్గకపోతేనే ఆపరేషన్ గురించి ఆలోచించాలి.

ఆపరేషన్లు

1. ఎముక తీసివేయడం: కీలులోని ట్రెపీజియం అనే చిన్న ఎముకను తీసేస్తారు. 1949 నుండి వాడుకలో ఉన్న పద్ధతి. నొప్పి బాగా తగ్గుతుంది. పట్టు నెమ్మదిగా వస్తుంది.

2. ఎముక తీసి స్నాయువుతో కట్టడం: ముంజేతిలోని స్నాయువు ముక్కతో వేలికి ఆధారం ఇస్తారు. అయితే పరిశోధనలలో నొప్పి, బలం విషయంలో ఇది మొదటిదానికంటే మెరుగని తేలలేదు. ఇబ్బందులు కాస్త ఎక్కువ.

3. కీలు అతికించడం: పట్టు గట్టిగా ఉంటుంది. బరువు పనులు చేసే చిన్న వయసువారికి చెబుతారు. కానీ అరచెయ్యి బల్లపరుపుగా ఆనదు. కొందరికి ఎముక అతకదు.

4. కృత్రిమ కీలు: త్వరగా కోలుకుంటారు. ఖర్చు ఎక్కువ. కీలు వదులైతే లేక జారితే మళ్ళీ ఆపరేషన్ కావాలి.

కనుక ఖరీదైనదే మంచిదని తొందరపడకండి. రోగి వయసు, చేసే పని డాక్టరుకు వివరంగా చెప్పండి. "ఈ పద్ధతే ఎందుకు? ఎన్నాళ్ళకు పనికి వెళ్ళవచ్చు?" అని అడగండి.

ఇంటివారి బాధ్యత

చిత్తూరుకు దగ్గరలోని వెల్లూరు సి.ఎం.సి.లో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. కత్తితో పని సగమే, మిగతా సగం వ్యాయామమే అన్నది అలాంటి చేతి వైద్యం నేర్పిన పాఠం. ఎముక తీసిన తరువాత సాధారణంగా 4 నుండి 6 వారాలు కట్టు ఉంటుంది. పూర్తి బలం రావడానికి 6 నెలల నుండి ఏడాది పట్టవచ్చు. అన్నాళ్ళూ పాలు పితకడం, బిందెలు మోయడం మీరు పంచుకోండి. వ్యాయామాలు రోజూ గుర్తుచేయండి. కట్టు కింద వాపు, జ్వరం, వేళ్ళ తిమ్మిరి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.