సాక్ష్యము ముగిసిన తరువాత



మానవపాడు ప్రాంతములోని మా సంఘములో ఒక సహోదరికి రొమ్ము క్యాన్సరు వచ్చినది. హైదరాబాదులో ఆపరేషన్ జరిగినది. కీమో ఇంజెక్షన్లు ఇచ్చిరి, కరెంటు పెట్టిరి. అన్నియు ముగించుకొని ఆమె ఇల్లు చేరినప్పుడు మేమందరము సంతోషించితిమి. ఆదివారపు ఆరాధనలో సాక్ష్యము చెప్పుమని నేనే ఆమెను ముందుకు పిలిచితిని. ఆమె నాలుగు మాటలు చెప్పి, కృతజ్ఞత కానుక ఇచ్చి కూర్చున్నది. సంఘమంతా చప్పట్లు కొట్టినది. ఆమె కష్టము తీరిపోయినదని నేను తలంచితిని.

ఒక సంవత్సరము గడచిన తరువాత నా భార్యతో కలిసి ఆమె ఇంటికి వెళ్లితిని. ఆమె ఎడమ చేతితో మంచినీళ్ల చెంబు తెచ్చుట చూచి నా భార్య, "కుడి చెయ్యి ఏమైందక్కా?" అని అడిగినది. ఆమె కండ్లలో నీళ్లు తిరిగినవి.

"నొప్పి పోలేదమ్మా. రాత్రయితే చంకల నిప్పు పెట్టినట్టు మండుతది. రవిక తగిలినా ఓర్చుకోలేను. బాగైందని అందరి ముందు చెప్తిని గదా, ఇప్పుడు నొప్పి అంటే దేవుని కార్యాన్ని తక్కువ చేసినట్టు అయితదని ఊకున్నా."

ఆ మాట నా హృదయమును గ్రుచ్చినది. ఆమె నోరు మూసినది వ్యాధి కాదు. నేను తొందరపడి చెప్పించిన సాక్ష్యమే.

ఈ నొప్పి ఎందుకు వచ్చును?

ఇది సోమరితనము కాదు, అపనమ్మకము అంతకంటె కాదు. దీనికి శరీరములో కారణమున్నది. రొమ్ము ఆపరేషన్‌లో అనేకసార్లు చంకలోని గ్రంథులను కూడా తీయుదురు. ప్రక్కటెముకల మధ్యనుండి బయలుదేరి, చంక గుండా చేతి లోపలి వైపునకు పోవు ఒక నరము అక్కడనే ఉన్నది. అది తెగవచ్చును, లేక సాగిపోవచ్చును. పైన గాయము మానినను, దెబ్బతిన్న నరము నొప్పిని పంపుచునే యుండును. కొందరికి తిమ్మిరి, కొందరికి మంట, కొందరికి కరెంటు షాకు కొట్టినట్లు పోటు.

2009లో డెన్మార్కు వైద్యులు ఒక పరిశోధనను ప్రచురించిరి. ఆపరేషన్ జరిగి ఒకటి నుండి మూడేండ్లు గడచిన 3,253 మంది స్త్రీలను వారు అడుగగా, 47 శాతము మంది ఇంకను నొప్పి ఉన్నదని చెప్పిరి. అనగా ఇద్దరిలో ఇంచుమించు ఒకరు. మన సహోదరి ఒంటరిది కాదు.

వేరే కారణములు కూడ కలవు. కదల్చక పోవుటవలన భుజము బిగిసిపోవును. గ్రంథులు తీసినందున చేయి వాచవచ్చును. కొన్ని కీమో మందులవలన చేతులు, పాదములు తిమ్మిరెక్కును. తరువాత ఏండ్ల తరబడి వాడు లెట్రోజోల్ వంటి బిళ్లలవలన కీళ్లు నొప్పి పెట్టును. అట్లని ఆ బిళ్లలను సొంతముగా మానరాదు. డాక్టరుకు చెప్పినయెడల వేరే మార్గము చూచును.

ఏమి చేయవలెను?

మొదట, నొప్పిని డాక్టరుకు విప్పి చెప్పవలెను. మామూలు నొప్పి బిళ్లలు నరముల నొప్పికి అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి వేరే మందులున్నవి. వాటిని డాక్టరు వ్రాసి ఇచ్చినప్పుడే వాడవలెను, మందుల షాపులో అడిగి తెచ్చుకొనరాదు.

రెండవది, చేతిని కట్టివేసినట్లు ఉంచరాదు. గోడకెదురుగా నిలిచి వ్రేళ్లతో మెల్లగా పైకి ప్రాకుట వంటి వ్యాయామములను ఫిజియోథెరపిస్టు నేర్పును.

మూడవది, తిమ్మిరి ఉన్న చోట వేడి ఇటుకతో గాని ఉప్పు మూటతో గాని కాపడము పెట్టకుడి. స్పర్శ లేనందున చర్మము కాలినను తెలియదు. వాతలు అసలే వద్దు.

చేయి ఎర్రబడి జ్వరము వచ్చినను, క్రొత్తగా గడ్డ కనబడినను, వెన్నులో గాని ఎముకలో గాని క్రొత్త నొప్పి తగ్గక నిలిచినను ఆలస్యము చేయక చూపించుకొనవలెను. ప్రతి నొప్పి వ్యాధి తిరిగి వచ్చుట కాదు. అయితే పరీక్షవలననే ఆ భయము తీరును.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. దానివలన బీద కుటుంబముల స్త్రీలు కూడా పెద్ద ఆసుపత్రులకు పోగలిగిరి. ఆపరేషన్‌కు చూపిన ఆ శ్రద్ధనే నొప్పి విషయములోను చూపవలెను. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి తగ్గించుటకు ప్రత్యేక విభాగమున్నది. దానిని పాలియేటివ్ కేర్ అందురు. అది చనిపోవువారికి మాత్రమే అని భయపడకుడి.

నొప్పికి నాలుగు ముఖములు

1967లో లండను నగరములో సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ వైద్యురాలు బాగుపడని రోగుల కొరకు ఒక ఆశ్రయమును తెరచెను. ఆమె మొదట నర్సు, తరువాత రోగుల కుటుంబములను ఆదుకొను ఉద్యోగి, ఆ తరువాతనే డాక్టరు. నొప్పి శరీరములో మాత్రమే కాదు, మనస్సులోను, కుటుంబ జీవితములోను, ఆత్మలోను ఉండునని ఆమె నేర్పెను.

మన సహోదరియందు ఆ నాలుగును చూచితిని. చంకలో మంట. వ్యాధి మళ్లీ వచ్చెనేమోనను దిగులు. నడిగడ్డ సీడు పత్తి చేలలో పువ్వు పువ్వుకు చేయి చాచి క్రాసింగు చేయలేక కూలి పోగొట్టుకొనుట. పైగా "ఊరికే కూర్చుంటది" అను మాట పడుట. దేవుడు నన్ను విడిచెనా అను ప్రశ్న. మొదటిది వైద్యుని పని. మిగిలిన మూడు కూడ మందుతోనే పోవు. భర్త బిందె ఎత్తవలెను. అత్తగారు ఒక మంచి మాట పలుకవలెను. సంఘ స్త్రీలు ఆసుపత్రికి తోడు పోవలెను. రొమ్ము అను మాట పలుకుటకు సిగ్గుపడి మనము మౌనముగా ఉన్నంతకాలము వారును మౌనముగానే బాధపడుదురు.

మార్కు సువార్త అయిదవ అధ్యాయములో, పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ బాగుపడిన తరువాత కూడ ప్రభువు ముందుకు సాగిపోలేదు. జనసమూహము మధ్య ఆగి, ఆమె తన సంగతి అంతయు చెప్పువరకు వినెను. నేను ఆమె సగము సంగతియే వింటిని.

ఆ సహోదరి మరల హైదరాబాదు వెళ్లినది. నా భార్య తోడు వెళ్లినది. రాత్రి వేసికొనుటకు మందు ఇచ్చిరి, వ్యాయామములు నేర్పిరి. నొప్పి పూర్తిగా పోలేదు గాని ఇప్పుడు ఆమె నిద్రపోవుచున్నది. నీళ్లు ఆమె భర్త మోయుచున్నాడు.

చికిత్స ముగించుకొని వచ్చిన వారిని సాక్ష్యము చెప్పుమనుటకు ముందు నేనిప్పుడు ఒక మాట అడుగుచున్నాను: "అమ్మా, నొప్పి ఎట్లున్నది?" మీ ఇంటిలోను, మీ సంఘములోను ఆ మాట అడుగుడి. అడిగి, ఆమె చెప్పువరకు ఆగుడి.