రాగిరేకుపై రేఖలు

చిత్రకళ యనగానే మనకు రంగులును, కుంచెయు, గుడ్డయు స్ఫురించును. రాగిరేకును, సూదిని, ద్రావకమును తలచువారు అరుదు. కాని ఈ మూడింటితోనే ఐరోపాఖండమున పెక్కుమంది గొప్ప చిత్రములను సృష్టించిరి. వారిలో యూదు చిత్రకారులకు ప్రత్యేక స్థానము కలదు. వారి చిత్రములు ఎట్లు పుట్టినవో, ఎట్లు నిలిచినవో విద్యార్థులకు కొంత తెలుపుటయే మా ఉద్దేశము.

యూదులు బహుకాలము ఐరోపా దేశములలో చెల్లాచెదరుగా నివసించిరి. పలుచోట్ల వారికి భూమిపై హక్కుగాని, వృత్తిసంఘములలో ప్రవేశముగాని లేకుండెను. విగ్రహారాధనను నిషేధించు ధర్మాజ్ఞ కారణమున వారిలో కొందరికి చిత్రకళపట్ల విముఖతయు నుండెను. అయినను మతగ్రంథములను బొమ్మలతో నలంకరించు ఆచారము వారిలో లేకపోలేదు. 19వ శతాబ్దమున పౌరహక్కులు క్రమముగా లభింపగా, వారి బిడ్డలకు చిత్రకళ ఒక వృత్తిగా అందుబాటులోనికి వచ్చెను. హాలెండున జోజెఫ్ ఇజ్రాయెల్స్ (1824-1911), ఫ్రాన్సున కమిల్ పిస్సారో (1830-1903), జర్మనీలో మాక్స్ లీబర్మన్ (1847-1935) ప్రసిద్ధి గాంచిరి. ఈ మువ్వురును రంగుల చిత్రములతోపాటు అచ్చు చిత్రములను గూడ చేసిరి.

అచ్చు చిత్రములలో ఎచ్చింగు అను పద్ధతి ముఖ్యమైనది. నునుపైన రాగిరేకుపై మైనము కలిసిన పలుచని పూత పూయుదురు. చిత్రకారుడు సూదితో ఆ పూతపై బొమ్మ గీయును. సూది తగిలినచోట పూత లేచిపోయి రాగి బయటపడును. పిమ్మట రేకును ద్రావకములో ముంచుదురు. పూత ఉన్నచోట ద్రావకము ఏమియు చేయజాలదు. బయటపడిన గీతలను మాత్రము తినివేసి సన్నని గాడులు చేయును. ఎక్కువసేపు ఉంచినచో గాడి లోతై గీత నల్లగా పడును. తక్కువసేపు ఉంచినచో పలుచగా పడును. తరువాత పూతను తొలగించి, గాడులలో సిరా నింపి, రేకుపైనున్న సిరాను గుడ్డతో తుడిచి, తడిపిన కాగితమును దానిపై పరచి యంత్రమున గట్టిగా నొక్కుదురు. కాగితము గాడులలోని సిరాను పైకి తీసికొనును. బొమ్మ అద్దములోవలె కుడియెడమలు మారి వచ్చును. ఒక్కొక్క ప్రతికిని మరల సిరా నింపవలెను. ఇట్లు ఒకే రేకునుండి పదులకొలది ప్రతులు లభించును. వానిలో ఏదియు నకలు కాదు, అన్నియు మూలచిత్రములే. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

బెర్లినులో ఈ విద్యకు గురువై నిలిచినవాడు హెర్మన్ స్ట్రుక్. అతడు 1876లో ఆ నగరముననే జన్మించి, అచటి కళాపరిషత్తులో చదివెను. యూదుడగుటచే అందు బోధించు అవకాశము అతనికి దక్కలేదు. అతడు నిరుత్సాహపడక, 1908లో ఎచ్చింగు కళపై జర్మను భాషలో ఒక గ్రంథము రచించెను. అది అభ్యాసకులకు ప్రామాణికమయ్యెను. తనకంటె దాదాపు ముప్పది ఏండ్లు పెద్దవాడైన లీబర్మనుకు సైతము అతడు ఈ విద్యలోని మెలకువలు నేర్పెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మను సేనలో చేరి తూర్పు రంగమునకు పోయి, లిథువేనియా ప్రాంతపు యూదుల ముఖములను గీచెను. తూర్పు యూదుల ముఖచిత్రములతో, ఆర్నాల్డ్ జ్వైగ్ రచనతో 1920లో ఒక పుస్తకము వెలువడెను. స్ట్రుక్ తరువాత జర్మనీ విడిచి హైఫా నగరమున స్థిరపడి, 1944లో మరణించెను. ఆనాటికి లిథువేనియా యూదులలో అత్యధికులు హతులైరి. ముఖములు మాత్రము కాగితముపై నిలిచినవి.

స్ట్రుక్ కడ నేర్చినవారిలో మార్క్ షగాల్ ఒకడు. అతడు 1887లో, నేడు బెలారుసులోనున్న వీటెబ్‌స్కు ప్రాంతమున జన్మించెను. 1914లో తన చిత్రములను బెర్లినులో ప్రదర్శనకు ఉంచి స్వస్థలమునకు పోగా, యుద్ధము వచ్చి త్రోవ మూసికొనెను. 1922లో తిరిగివచ్చి చూడగా చిత్రములలో పెక్కు అమ్ముడుపోయి యుండెను. ధరల పెరుగుదలచే వచ్చిన సొమ్మునకు విలువయే లేకపోయెను. అట్టి సమయమున అతడు రాగిరేకును చేపట్టెను. తన బాల్యమును, తల్లిదండ్రులను, ఊరి ఇండ్లను గీచిన 20 చిత్రముల సంపుటము 1923లో వెలువడెను. తరువాత ఫ్రాన్సున బైబిలు గాథలకు చిత్రములు ప్రారంభించెను. నాజీలు అతని చిత్రములను 1937లో మ్యూనికు నగరమున పరిహాసమునకై ప్రదర్శించిరి. 1941లో అతడు అమెరికాకు తప్పించుకొనిపోయెను. బైబిలు చిత్రములు యుద్ధానంతరము పూర్తియై, 105 ఫలకములతో 1956లో ప్రకటింపబడెను.

అందరికిని తప్పించుకొను అదృష్టము కలుగలేదు. పన్నెండేండ్లు ప్రష్యా కళాపరిషత్తుకు అధ్యక్షుడైన లీబర్మన్ 1933లో దానితో సంబంధము వదలుకొనవలసి వచ్చెను. వియన్నాలో 1898లో పుట్టిన ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అను చిత్రకారిణిని 1942లో టెరెజీన్ నిర్బంధస్థలమునకు పంపిరి. వెంట తీసికొనిపోదగిన కొద్ది సామానులో ఆమె కాగితములను, రంగులను చేర్చుకొనెను. అచట బాలబాలికలకు రహస్యముగా చిత్రలేఖనము నేర్పెను. ప్రతి బొమ్మపైనను గీచినవారి పేరు వ్రాయించెను. 1944 అక్టోబరులో ఆమెను ఔష్విట్జుకు పంపి చంపిరి. పిల్లలలో పెక్కుమంది తిరిగి రాలేదు. వారు గీచిన దాదాపు 4,500 బొమ్మలు రెండు పెట్టెలలో దొరికినవి. అవి నేడు ప్రాగు నగరములోని యూదు ప్రదర్శనశాల వారి సంరక్షణలో ఉన్నవి.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఒకటి కలదు. ఒకచోట దాచినది ఒక్కనాటిలో పోవచ్చును. పలువురి చేతులకు అందినది సులభముగా నశింపదు. అచ్చుచిత్రము నిలిచినది పలు ప్రతులుగా వ్యాపించుటచేతనే. విద్యయు నట్టిదే. కళాపరిషత్తు తలుపు మూసినను స్ట్రుక్ తన విద్యను పదుగురికి పంచెను. చెరలో నుండియు డికర్ బ్రాండైస్ పిల్లలకు పంచెను. చిత్రలేఖన పాఠమును కాలక్షేపముగా భావించు విద్యార్థులు, ఈసారి తమ బొమ్మ క్రింద పేరు వ్రాయునపుడు టెరెజీను బాలబాలికలను ఒక్క క్షణము తలచుకొనవలెనని మా కోరిక.