సముద్రపు జమాఖర్చు



ఉప్పుమడులలో పనిచేయువారికి ఒక సంగతి చిరపరిచితము. సముద్రపు నీటిని మడులలో నిలువగట్టి యెండకు విడిచినచో మొదట తెల్లని యుప్పు గడ్డకట్టును. దానిని తీసివేయగా చివరకు కొంత చిక్కని నీరు మిగులును. అది నాలుకకు ఉప్పగా గాక చేదుగా నుండును. ఆ చేదునకు కారణము మెగ్నీషియము అను ధాతువు. ఆ చేదునీటి యంశ కొంచెమైనను ఉప్పులో నిలిచిపోయినచో, అది గాలిలోని తేమను లాగికొనును. శ్రావణ భాద్రపద మాసములలో మన యిండ్లలోని ఉప్పుజాడీలు చెమ్మగిల్లుటకు మూలమిదియే.

ఈనాటి ప్రసంగమునకు ఈ చేదు ధాతువే నాయకుడు. ఇది సముద్రమున కెట్లు చేరుచున్నది? చేరినదంతయు ఏల నిలువయుండలేదు? నిలువయుండక యెచ్చటికి పోవుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకినచో, సముద్రపు అడుగున మన కన్నులకు కానరాక జరుగుచున్న ఒక మహాకార్యము తెలియవచ్చును.

ముందుగా జమ చూతము. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని, కొండలమీదను పొలములమీదను పడి, రాళ్లను మెల్లమెల్లగా కరగించును. అట్లు కరగిన ధాతువులను నదులు సముద్రమునకు మోసికొనిపోవును. మనము మంచినీరని త్రాగు నదీజలమునందును లవణములు లేకపోలేదు. ప్రపంచములోని నదుల సగటు తీసినచో, ఒక లీటరు నీటిలో గ్రామునందు పదియవవంతు మాత్రము లవణములుండును. సముద్రజలమునందో, ఒక కిలోగ్రామునకు సుమారు 35 గ్రాములు. నీరు ఆవిరియై మేఘములలోనికి పోవును గాని లవణము పోదు. కావున కడలి ఉప్పనయ్యెను. ఇంతవరకు చిన్నపిల్లలకును మనము పాఠశాలలో చెప్పుచున్న మాటయే.

అయితే ఈ పద్దులను విడివిడిగా చూచినచో ఒక చిక్కు కనబడును. నదులు మెగ్నీషియముకంటె కాల్షియమును, అనగా సున్నపు ధాతువును, ఎక్కువగా తెచ్చుచున్నవి. సముద్రమునందు అది తలక్రిందులై యున్నది. ఒక కిలోగ్రాము సముద్రజలమున మెగ్నీషియము 1.3 గ్రాములుండగా కాల్షియము 0.4 గ్రాములే కలదు. కాల్షియము తగ్గుటకు కారణము తెలియనిది కాదు. నత్తలు, గవ్వలు, పగడపు పురుగులు, కంటికి కానరాని సూక్ష్మజీవులు సున్నమును గ్రహించి తమ గుల్లలను కట్టుకొనును. అవి చచ్చిన పిమ్మట ఆ గుల్లలు అడుగున మేటలు వేయును. ఇది కాల్షియపు ఖర్చు. మెగ్నీషియమునకు ఇట్టి పెద్ద ఖర్చరి యెవడును కనబడలేదు. నదులు నేడు తెచ్చుచున్న లెక్కన చూచినచో, సముద్రమున నున్న మెగ్నీషియమంతయు పోగగుటకు సుమారు 1 కోటి 30 లక్షల యేండ్లు చాలును. సముద్రమున్నదనుటకు 370 కోట్ల యేండ్లకు పైబడిన సాక్ష్యములు రాళ్లలో కలవు. అన్ని యుగములు నదులు మోసిన సరకు ఏమయ్యెను?

ఖర్చు పద్దు తెలియకున్న లెక్క యెంత పెడదారి పట్టునో చెప్పుటకు ఒక దృష్టాంతము కలదు. 1899వ సంవత్సరమున జాన్ జోలీ అను ఐర్లండు దేశపు శాస్త్రజ్ఞుడు, సముద్రములోని సోడియమును నదులు ఏటేట తెచ్చు సోడియముచే భాగించి, భూమి వయస్సు 8 మొదలు 9 కోట్ల యేండ్లని తేల్చెను. భాగహారమున దోషము లేదు. కాని ఆయన జమను లెక్కించి ఖర్చును దాదాపుగా విడిచిపెట్టెను. భూమి వయస్సు 454 కోట్ల యేండ్లని నేడు మనకు తెలియును. ఖర్చు వ్రాయని కరణము లెక్కలో కొట్టు ఎప్పుడును కొత్తగా పెట్టినట్లే కనబడును.

ఇక సముద్రపు అడుగునకు దిగుదము. 1872 మొదలు 1876 వరకు ఛాలెంజరు అను ఆంగ్లేయనౌక సముద్రములన్నియు చుట్టి, లోతులనుండి మట్టిని పైకి తీసి పరీక్షించెను. కొన్నిచోట్ల సూక్ష్మజీవుల గుల్లలతో నిండిన తెల్లని మెత్తని బురద, మిక్కిలి లోతైనచోట్ల ఎఱ్ఱని బంకమట్టి, దానిమీద మాంగనీసు కలిసిన నల్లని ఉండలు దొరకినవి. వానినిబట్టి పండితులు సముద్రగర్భము కదలిక లేని పాతరవంటిదనియు, పైనుండి రాలినది అందు పేరుకొనుటయే గాని అది తానై చేయు పని లేదనియు చాలకాలము తలచిరి.

ఆ తలంపు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మారినది. సముద్రములన్నిటి నడుమ సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున ఒక పర్వతశ్రేణి మునిగియున్నది. దాని నడినెత్తిన భూమి చీలి, క్రిందినుండి కరగిన శిల పైకుబికి, చల్లారి నల్లరాయిగా మారుచున్నది. ఆ రాయి ఇరువైపులకును మన గోళ్లు పెరుగునంత మెల్లగా జరుగుచు క్రొత్త సముద్రతలమగుచున్నది. అప్పుడే పుట్టిన రాయి యెంత వేడిని విడువవలెనో గణితముచే తెలియును. కాని అడుగు మట్టిలో సాధనములు గ్రుచ్చి కొలువగా అంత వేడి కనబడలేదు. పొయ్యిమీది రాతిపలక ఉండవలసినంత వేడిగా లేకున్నచో, దానిమీద నెవరో నీరు పోయుచున్నారని మన మూహింతుము. అట్లే, సముద్రజలము రాతిచీలికలలో దూరి, లోపల కాగి, పైకివచ్చి, వేడిని మోసికొనిపోవుచున్నదని శాస్త్రజ్ఞు లూహించిరి.

ఊహ ప్రత్యక్షమైనది 1977లో. పసిఫిక్ మహాసముద్రమున, గలాపగస్ దీవుల చెంత, సుమారు 2,500 మీటర్ల లోతునకు ఆల్విన్ అను చిన్న జలాంతర్గామిలో దిగినవారు, రాతిచీలికలనుండి గోరువెచ్చని నీరు వెడలుట చూచిరి. 1979లో మెక్సికో దేశపు తీరమునకు దూరమున అంతకంటె విచిత్రము కనబడెను. రాతిగొట్టములనుండి నల్లని పొగవలె నీరు చిమ్ముచుండెను. వేడి కొలుచు సాధనమును అందుంచగా దాని కొన కరగిపోయెను. గట్టి సాధనముతో కొలువగా ఆ నీటి వేడిమి సుమారు 380 సెంటీగ్రేడు డిగ్రీలు! 100 డిగ్రీలకే మరగు నీరు అంత వేడియందును ఆవిరి గాకుండుటకు, పైనున్న రెండు కిలోమీటర్లకు మించిన నీటి బరువే కారణము.

ఈ వేడినీటి రహస్యమును జాన్ ఎడ్మండ్ మొదలగు రసాయనశాస్త్రజ్ఞులు విడదీసి చూచిరి. అచ్చటనే మన ప్రశ్నకు జవాబు దొరకినది. రాతిలో బాగుగా కాగి వచ్చిన ఆ నీటియందు మెగ్నీషియము లేదు! లోనికి పోవునప్పుడు కిలోగ్రామునకు 1.3 గ్రాములతో పోయినది, బయటికి వచ్చునప్పుడు ఒట్టిచేతులతో వచ్చినది. 1975లోనే అమెరికా దేశమున బిషాఫ్, డిక్సన్ అనువారు సముద్రజలమును నల్లరాతిపొడితో చేర్చి, బిగించిన పాత్రలో 200 డిగ్రీల వేడిమిని పెట్టి చూడగా, మెగ్నీషియము నీటిని విడిచి రాతిలో చేరుట కనుగొనియుండిరి. ప్రయోగశాలలో కనబడినదే కడలియడుగునను నిజమయ్యెను.

ఈ మార్పిడి జరుగు విధము నించుక వివరింతును. వేడిచే మెగ్నీషియము నీటిలోని కొంత యంశతో కూడి రాతిలో ఆకుపచ్చని క్రొత్త ఖనిజములుగా మారును. ఆ కూడికవలన నీటికి పులుపు కలుగును. పుల్లని మజ్జిగ రాగిపాత్రను తినునట్లు, ఆ పుల్లని వేడినీరు రాతిని తిని, కాల్షియము, ఇనుము, మాంగనీసు, రాగి, తుత్తునాగములను తనలోనికి లాగికొనును. రాతిలోని గంధకమును గూడ గైకొనును. అనగా రాయి మెగ్నీషియమును పుచ్చుకొని కాల్షియమును బదులిచ్చుచున్నది. నల్లగా పోయిన రాయి క్రమముగా పచ్చబారుచున్నది. ఉప్పునీరుగా పోయినది ధాతురసముగా తిరిగివచ్చుచున్నది.

ఆ రసము రెండు డిగ్రీల చల్లని సముద్రజలమును తాకినంతనే ఇనుము, రాగి, తుత్తునాగములు గంధకముతో కలిసి నల్లని పొడిగా విడివడును. మనము పొగయని చూచినది ఈ పొడియే. గొట్టము కట్టుట మఱియొక చమత్కారము. చక్కెర వేడినీట ఎక్కువగా కరగును గదా! సున్నమును గంధకమును కలిసిన ఒక లవణమునకు దీనికి విరుద్ధమైన స్వభావము కలదు. అది వేడియెక్కిన కొలది కరగక గడ్డకట్టును. వేడినీటి ధార చుట్టు చేరిన సముద్రజలము కాగినంతనే ఆ లవణము ధార చుట్టును గోడగా నిలుచును. లోపలివైపున రాగి పూతపూయును. ఇట్లు కట్టిన గొట్టములు విరిగి, కూలి, దిబ్బలై లోహపు గనులగును. సైప్రస్ ద్వీపమున వేల యేండ్లుగా త్రవ్విన రాగిగనులు, సుమారు 9 కోట్ల యేండ్ల క్రిందట సముద్రపు అడుగున పుట్టి పిమ్మట పైకెత్తబడిన ఇట్టి దిబ్బలే. లాటిను భాషలో రాగికి ఆ ద్వీపము పేరే వచ్చినది.

వేడిబుగ్గలు కన్నుల కింపుగా నున్నను పని వానితో ముగియదు. పర్వతశ్రేణికి దూరముగా, వయస్సు మీరి చల్లబడిన రాతియందును నీరు మెల్లగా తిరుగుచునే యుండును. ఆరున్నర కోట్ల యేండ్లు నిండిన రాతివరకు ఈ సంచారము కలదని లెక్కింతురు. ఈ మంద ప్రవాహమువలన సముద్రజలమంతయు కొన్ని లక్షల యేండ్ల కొకసారి రాతిలోబడి తిరిగివచ్చుచున్నదని అంచనా. ఇచ్చట వర్తకపు రీతి వేరు. మిక్కిలి వేడిచోట రాయి పొటాసియమును నీటి కిచ్చును. చల్లనిచోట ఆ పొటాసియమునే తిరిగి పుచ్చుకొనును.

రాతిమీద మట్టిమేట దళముగా పడినకొలది ఈ దారులు మూసికొనిపోవును. బంకమట్టి మెత్తిన కుండనుండి నీరు ఊరదు గదా! అట్టిచోట మేటపైకి తలయెత్తిన రాతిగుట్టలే నీటికి వాకిళ్లు. ఉత్తర అమెరికా పడమటి తీరమునకు దూరమున ఒక గుట్టయందు దిగిన నీరు, 50 కిలోమీటర్ల ఆవలనున్న వేరొక గుట్టనుండి పైకి వచ్చుచున్నదని 2003లో వెల్లడించిరి. మన బంగాళాఖాతపు అడుగున గంగా బ్రహ్మపుత్రలు హిమాలయములనుండి తెచ్చిన మేట ఉత్తరభాగమున 16 కిలోమీటర్లకు మించిన దళసరి కలది. గోదావరీ కృష్ణలును తమ యొండ్రును అందు కలుపుచున్నవి. ఆ మేట క్రింది పురాతన శిలకు పైనీటితో పొందు దాదాపుగా తెగిపోయినది.

ఖర్చు పద్దు ఇప్పుడు పూర్తియైనదా? మెగ్నీషియములో కొంతపాలు సున్నపురాళ్లలోనికిని పోవును. ఎంతపాలు ఎందు పోవునో పండితు లింకను చర్చించుచునే యున్నారు. కాని రాతిపద్దు లేక లెక్క సరిపోదని అందరును అంగీకరింతురు. ఈ ఖర్చు అన్ని కాలములందును ఒక్కటిగా లేదు. పూర్వకాలపు ఉప్పుగడ్డలలో చిక్కుకొనియున్న సముద్రజల బిందువులను పరీక్షించి, పది కోట్ల యేండ్ల క్రిందటి సముద్రమున కాల్షియముతో పోల్చగా మెగ్నీషియము నేటికంటె మిక్కిలి తక్కువగా నుండెనని తెలిసికొనిరి. రాయి పుచ్చుకొన్న ధాతువు తుదకేమగునందురా? సముద్రతలపు రాయి సాధారణముగా ఇరువది కోట్ల యేండ్లు నిండకమునుపే సుమత్రా వంటి దీవుల చెంత భూగర్భములోనికి క్రుంగును. తనతో మోసిన నీటిని లోపల విడిచి, పైశిలను కరగించి, అగ్నిపర్వతములకు కారణమగును. ఆ పర్వతముల రాతిని వాన మరల కరగించును. నదులు మరల కడలికి చేర్చును. చక్రము పూర్తియైనది.

సముద్రగర్భమున బడబాగ్ని యున్నదనియు, అది నీటిని త్రాగుచుండుటచే కడలి పొంగి పొరలదనియు మన పురాణములు చెప్పును. దీనినిబట్టి పూర్వులకు ఈ శాస్త్రమంతయు ముందే తెలియునని చెప్పుట తగదు. అది కవుల కల్పన. ఇది కొలిచి చూచిన సత్యము. అయినను, ఇన్ని నదులు వచ్చి పడుచుండగా సముద్రము మేర మీరకుండుటకు హేతువేమి యను ప్రశ్న మనవారికి తోచెననుట నిజము.

కడపట ఒక మాట. ఈ సంగతి పండితుల గోష్ఠికి మాత్రమే చెందినది కాదు. హిందూ మహాసముద్రమధ్యమున 75,000 చదరపు కిలోమీటర్ల మేర మాంగనీసు ఉండలను అన్వేషించుటకు 2002లోను, అదే సముద్రపు పర్వతశ్రేణిమీద 10,000 చదరపు కిలోమీటర్ల మేర గంధక లోహపు దిబ్బలను అన్వేషించుటకు 2016లోను, మన దేశము అంతర్జాతీయ సముద్రతల సంస్థతో ఒడంబడిక చేసికొన్నది. ఆ యుండలు పది లక్షల యేండ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. హిందూ మహాసముద్రపు వేడిబుగ్గల చెంత ఇనుమును గంధకమును కలిసిన పొలుసులను కవచముగా ధరించిన ఒక నత్త 2001లో కనబడినది. అట్టి నత్త లోకమున వేరొకచోట లేదు. గనుల త్రవ్వకమువలన నశించు ప్రమాదము కలదని 2019లో దానిని అపాయమునందున్న ప్రాణుల పట్టికలో చేర్చిరి. లోహములు మన కక్కరలేదని నే ననుట లేదు. విద్యుత్తునకు రాగి కావలెను. యంత్రములకు నికెలు కావలెను. కాని చెఱువును తెగగొట్టుటకు ముందు దాని క్రింద నెన్ని ఎకరములు పండుచున్నవో విచారించుట గ్రామపెద్దల ధర్మము. సముద్రపు విషయమునను ధర్మమొక్కటే. జమ మాత్రము చూచి ఖర్చు చూడనివాడు భూమి వయస్సునే తప్పు లెక్కించెను. ఖర్చు చూడక గని త్రవ్వినచో ఆ తప్పు కాగితముమీద దిద్దుకొనుటకు వీలైనది కాదు.