నిండిన డిస్కు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా సాగే రహదారికి ఇరువైపులా శిక్షణ సంస్థలు, జిరాక్సు దుకాణాలు, డి.టి.పి. కేంద్రాలు, ఫొటో స్టూడియోలు కనిపిస్తాయి. వీటిలో ఏ కంప్యూటరు తెరపైనైనా ఏదో ఒకనాడు డిస్కు నిండిపోయిందన్న హెచ్చరిక ప్రత్యక్షమవుతుంది. పెళ్ళి ఫొటోలు తీసే స్టూడియో సంగతే చూడండి. తలంబ్రాల చిత్రం పోయిందని ఆ పెళ్ళి మళ్ళీ జరిపించలేము కదా! కాబట్టి పాత డిస్కు స్థానంలో పెద్దదానిని అమర్చడం కేవలం స్క్రూడ్రైవరుతో అయ్యే పని కాదు.

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళేలు ఒకే ఇరుసుపై తిరుగుతుంటాయి. సాధారణ డెస్క్‌టాప్ డిస్కులు పలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. సమాచారాన్ని చదివే హెడ్ పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వేలవంతు ఎడం కూడా లేకుండా తేలుతుంది. నడుస్తున్న డిస్కు కింద పడితే ప్రమాదమనడానికి కారణమిదే. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన తొలి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అంత యంత్రంలోనూ పట్టింది 5 మెగాబైట్ల లోపే!

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట 1 టెరాబైట్ డిస్కు కొని తెచ్చినవారు, కంప్యూటరు 931 గిగాబైట్లే చూపగా మోసపోయామనుకుంటారు. మోసమేమీ లేదు. తయారీదారు వేలతో లెక్కిస్తాడు, విండోస్ 1,024లతో లెక్కిస్తుంది. అసలు చిక్కు వేరొకటి. ఎం.బి.ఆర్. అనే పాత విభజన పట్టిక సుమారు 2 టెరాబైట్లకు మించిన చోటును గుర్తించలేదు. అంతకన్న పెద్ద డిస్కుకు జి.పి.టి. పట్టిక కావాలి.

రెండు డిస్కులనూ ఒకేసారి తగిలించి, క్లోనింగ్ సాఫ్ట్‌వేరుతో పాతదాని ప్రతిబింబాన్ని కొత్తదానిపైకి ఎక్కిస్తారు. ఏది మూలమో, ఏది గమ్యమో ఇక్కడ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. అవి తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచేస్తుంది. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 500 గిగాబైట్లకు 5,000 సెకన్లు, అంటే గంటా ఇరవైమూడు నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మూలప్రతికి సాధారణంగా హాని ఉండదు, దానిని చదువుతున్నామే తప్ప దానిపై రాయడం లేదు. కాని పని మొదటికి వస్తుంది. పని ముగిశాక కూడా పాత విభాగం పాత కొలతలోనే ఉండవచ్చు. మిగిలిన చోటును దానిలో కలిపితేనే కొత్త డిస్కు కొన్న ఫలితం దక్కుతుంది.

తరువాతి పని పోల్చి చూడటం. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులచేత తెలుగు కావ్యాల ప్రతులు రాయించి, వాటిని ఒకదానితో ఒకటి సరిచూపించాడు. రాసినంత మాత్రాన ప్రతి శుద్ధమని ఆయన నమ్మలేదు. డిస్కు విషయంలోనూ అంతే. ఫైళ్ళ సంఖ్య సరిపోయిందని ఊరుకోక, కొన్నింటిని తెరిచి చూడాలి. చెక్‌సమ్ లెక్కతో పోల్చగలిగితే మరీ మంచిది.

పాత డిస్కును వెంటనే అమ్మరాదు. తేదీ రాసిన చీటీ అంటించి కొన్ని వారాలు బీరువాలో ఉంచాలి. అమ్మదలిస్తే ఫైళ్ళను డిలీట్ చేయడం చాలదు. డిలీట్ చేసినప్పుడు చెరిగేది ఫైలు చిరునామాయే, ఫైలు కాదు. డిస్కు అంతటా వేరే సమాచారంతో తిరగరాయిస్తేనే ఎవరి పెళ్ళి ఫొటోలో ఎవరి చేతికో చిక్కకుండా ఉంటాయి.