ఇంటి బడిలో ఒక దినం

ప్రియ సహోదరీ, చంకన ఏడాదిన్నర బాబు, ఇంట్లోనే చదువుకొనే నాలుగేళ్ల పాప. సాయంత్రానికి “ఈ దినం ఏమీ నేర్పలేకపోయాను” అని కన్నీరు పెట్టుకొంటున్నారా?

ఉదయం పాప చిక్కుడుకాయలు లెక్కపెట్టలేదా? అది గణితం. తమ్ముని చొక్కా మడతపెట్టలేదా? అది పరిచర్య. బాబు నిద్రించిన అరగంటలో పలకమీద ‘అ, ఆ’ దిద్దింది. ఆ వయస్సుకు అది చాలు.

జాన్ వెస్లీ తల్లి సూసన్నా తన పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పింది. ఒక్క కుమార్తెకు తప్ప ఎవరికీ ఐదేళ్లు నిండకముందు చదవడం నేర్పలేదని 1732లో ఆమె జాన్‌కు వ్రాసింది.

కనుక తొందరపడకండి. పాఠానికి ముందు బాబును కాసేపు ఒడిలో కూర్చోబెట్టుకోండి. కడుపు నిండి, అమ్మ దొరికిన పసివాడు అక్కను చదువుకోనిస్తాడు. మీ దినం వ్యర్థం కాలేదు. ప్రభువు మీకు తోడైయుండును గాక.